నమ్మకస్తులకు రేటెక్కువ

నల్లబండ జంక్షన్‌లో ఎవరికి ఎవరి మీద ప్రేమ ఉందో కనిపెట్టడం మహా తేలిక. నోరారా తిడుతున్నారంటే ప్రేమ ఉన్నట్టు. ‘అండీ, గారూ’ అంటున్నారంటే కోర్టులో కేసు నడుస్తున్నట్టు. ఈ పద్ధతి ఇళ్ళల్లోనూ ఉంది, బజార్లోనూ ఉంది గానీ, దానికి అసలు పీఠం మాత్రం లోకో క్లబ్బు ఫుట్‌బాల్ గ్రౌండులోని తూర్పు మెట్లు. అక్కడ కూర్చున్న జనం ఎదుటి జట్టును పల్లెత్తు మాట అనరు. పరాయి ఊరి పిల్లలు, ఎండన పడి ఆడుకోవడానికి వచ్చారు, వాళ్ళనెందుకు అనడం? తిట్లన్నీ సొంత జట్టుకే.

ఆ మెట్ల మీద ఓదెలుది పెద్ద గొంతు. వ్యాగన్ షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. జీవితమంతా సుత్తి మోతకు పైన మాట్లాడీ మాట్లాడీ, ఇప్పుడు భార్యను మంచినీళ్ళు అడిగినా పక్కింటివాళ్ళు చెంబు పట్టుకొచ్చేవారు. బంతి పోగొట్టుకున్న ఆటగాడికి రిఫరీ విజిల్ కంటే ముందు ఓదెలు గొంతే వినబడేది.

“ఓరి సారంగా, నీ కాళ్ళిరగ! బంతి నీకేమన్న మేనమామ బిడ్డనారా, ముట్టుకోను గంత సిగ్గుపడుతున్నవ్!”

కెప్టెన్ సారంగపాణి అటు తిరిగి చెయ్యెత్తి దండం పెట్టేవాడు. తర్వాతి బంతిని ప్రాణం పెట్టి తన్నేవాడు. ఓదెలు మిగతా వారమంతా బీపీ మాత్రలు మింగేది ఆ ఆదివారం సాయంత్రం కోసమే. ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు, గుళ్ళూ గోపురాలూ తిరిగే అలవాటు లేదు. ఉన్నదల్లా ఆ మెట్టు.

భార్య రాజవ్వకు మాత్రం ఆ ఆటంటే ఒళ్ళు మంట. “లగ్గమైన కొత్తల తోలు బంతి, ముసలితనంల తోలు బంతి. నడుమ నేనెప్పుడున్న నీకు?” అనేది. ఆమె ఆ మాట అన్నప్పుడల్లా ఓదెలు చెప్పులేసుకుని షరీఫ్ భాయ్ చాయ్ దుకాణానికి పోయేవాడు.

షరీఫ్ భాయ్ గూడ్సు బండ్ల గార్డుగా చేసి, రిటైరయ్యాక గ్రౌండు గేటెదురుగా దుకాణం పెట్టాడు. అక్కడ చాయ్ కంటే గొడవ చిక్కగా ఉండేది. ఆ సంవత్సరం గొడవంతా గోల్‌కీపర్ దీపక్ గురించి. పట్నం క్లబ్బువాళ్ళు పిలిచారట, వాడు ఊగుతున్నాడట.

“ఛీ! ఆటల పైసలు సొచ్చినంక ఇగ ఆట యాడుంది?” అన్నాడు ఓదెలు. “పుట్టిన ఊరు ఇడిచి పోతడా వాడు? నమ్మకం ఉండొద్దా?”

“అరె యార్,” అన్నాడు షరీఫ్ భాయ్ చాయ్ వడపోస్తూ, “వాడు పైసల కోసం పోతే తప్పేంది? నీ పింఛన్ ఆపితే నువ్వు సర్కార్‌ను తిట్టవా?”

“తిడుత. గని పక్క దేశం సర్కార్ దగ్గరికి పోయి పింఛనడుగుతనా?”

దుకాణమంతా ఓహో అంది. షరీఫ్ భాయ్ ఓదెలు చాయ్‌లో ఇంకో చెంచా చక్కెర వేశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే లోకో క్లబ్బును మహోదయ వినోద వాణిజ్య సంస్థవారు లీజుకు తీసుకున్నారు. వాళ్ళ తరఫున విద్యాధర్ గారు వచ్చారు. మడత నలగని చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. ఆ కార్డు మీద ‘అభిమాన సంపద నిర్వహణాధికారి’ అని ఉంది. నల్లబండలో అంత పొడుగు హోదా స్టేషన్ సూపరింటెండెంటుకు కూడా లేదు. ఆయన రాగానే చేసిన మొదటి పని క్లబ్బు హాల్లో అభిమానులతో సభ పెట్టడం.

“గౌరవనీయులైన అభిమాన మహాశయులారా!” అని మొదలుపెట్టారు. “మా సంస్థ దృష్టిలో తమరు కేవలం ప్రేక్షకులు కారు. తమరు మా మూలధనం!”

మూలధనం అన్నందుకు జనం పొంగిపోయి చప్పట్లు కొట్టారు. ఇంతకు ముందున్న సెక్రటరీ వాళ్ళను ‘గేటు దగ్గర గుంపు’ అనేవాడు మరి.

“తమ అనుబంధపు లోతును శాస్త్రీయంగా గ్రహింపదలచి కొన్ని ప్రశ్నలు వేస్తున్నాము. జట్టు వరుసగా ఓటమి చెందినచో తమరు ఏం చేస్తారు?”

“వస్తం!” అంది హాలు.

“మెట్లు శిథిలమైనచో?”

“నిలబడి సూస్తం!”

“ప్రవేశ రుసుము హెచ్చినచో?”

ఇక్కడ హాలు కొంచెం నసిగింది. అప్పుడు లేచాడు ఓదెలు. ఎవరూ లేవమనలేదు, రాత అలా రాసిపెట్టి ఉంది.

“సారూ, ఒంటి మీది అంగి అమ్మైనా వస్త! నన్ను సంపి గేటు బయట పారేసినా సరే, నా దయ్యం అచ్చి గా తూర్పు మెట్ల మీద కూసుంటది! ఏడికి పోత సారూ నేను, నాకేం వేరే క్లబ్బున్నదా?”

హాలు దద్దరిల్లింది. షరీఫ్ భాయ్ ఈల వేశాడు. విద్యాధర్ గారికి కళ్ళు చెమర్చాయి. ఆయన పక్కనున్న గుమాస్తా చెవిలో ఏదో అన్నారు. ఓదెలు ఆ రాత్రి సన్మానం జరిగిన మనిషిలా నిద్రపోయాడు.

తెల్లవారి గేటు దగ్గర కొత్త బోర్డు వెలిసింది. ఇకనుంచి అభిమానులు నాలుగు తరగతులు. క్లబ్బంటే గిట్టనివారు ‘విరోధి’ తరగతి: ప్రవేశం ఉచితం, కూర్చోవడానికి మెత్త ఉచితం, పకోడి పొట్లం ఉచితం, వెంట ఒకరిని తెచ్చుకుంటే వాళ్ళకూ ఉచితం. ఎటూ తేలనివారు ‘ఊగిసలాట’ తరగతి: సగం ధర. క్లబ్బును ప్రేమించేవారు ‘విశ్వాసి’ తరగతి: మూడింతల ధర, మెత్త లేదు. ఆ పైన ఒక్క మనిషి కోసమే కొత్తగా సృష్టించిన తరగతి ‘పరమ విశ్వాసి’. దాని ధర చూసి ఓదెలు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఆయన పింఛను మొత్తం పెట్టినా మొదటి సగం ఆటే చూడగలడు. కింద చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది: ఈ టికెట్టు మరణానంతరం కూడా వర్తించును.

ఓదెలు ఉరుకులు పరుగుల మీద ఆఫీసుకు వెళ్ళాడు.

“సారూ, ఇదేం న్యాయం? ప్రేమున్నోనికి మూడింతలు, లేనోనికి పకోడీలా?”

“తమరు కూర్చోండి,” అన్నారు విద్యాధర్ గారు ఎంతో ఆప్యాయంగా. “ఔషధం రోగికి ఇస్తామా, ఆరోగ్యవంతునికి ఇస్తామా? అభిమానం లేనివారు రోగులు. వారికి తాయిలం అవసరం. తమరిలో అభిమానం పుష్కలంగా ఉన్నది. పుష్కలంగా ఉన్నదానిని వినియోగించుకొనడం సంస్థ ధర్మం. పైగా తమరు ఎక్కడికీ పోరని సభాముఖంగా సెలవిచ్చారు. పోనివారిని నిలుపుకోవడానికి ఖర్చు చేయడం వృథా వ్యయం కదా?”

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఇక్కడ పెరటి చెట్టు పనికిరాకపోవడమే కాదు, తన నీడకు తనే అద్దె కట్టాలన్నమాట. ఓదెలుకు నోట మాట రాలేదు. నల్లబండలో ఇలాంటిది జరగడం అదే మొదటిసారి.

ఇక ఊరి సంగతి చెప్పాలా? నిన్నటిదాకా లోకో కోసం చస్తానన్నవాళ్ళంతా మర్నాటికల్లా మాకేం సంబంధం అనడం మొదలుపెట్టారు. ఎవరి అభిమానం ఎంతో తేల్చడానికి విద్యాధర్ గారు ‘విశ్వసనీయతా నిర్ధారణ సంఘం’ అని ముగ్గురు పెద్దలను కూర్చోబెట్టారు. దాని ముందు జనం బారులు తీరారు. కూరగాయల కొమురమ్మ కొడుకు పేరు లోకోరాజని పెట్టుకుంది, దాన్ని మార్పించి వచ్చింది. క్లబ్బు జెండా రంగున్న తలుపులు రాత్రికి రాత్రి వేరే రంగయ్యాయి. షరీఫ్ భాయ్ మాత్రం హాయిగా లోపలికి పోయి హాయిగా బయటికి వచ్చాడు.

“నేను గార్డును సాబ్,” అన్నాడట సంఘంతో. “సర్వీసంతా ఆఖరి డబ్బాల కూసున్న. ఇంజన్ ఎటు పోతే నేను గటే.”

ఆయనకు ఊగిసలాట ఖాయం చేశారు.

ఆదివారాలు ఇంట్లో ఉండాల్సి వచ్చేసరికి ఓదెలు మనిషి మనిషిలా లేడు. ఏం చేయాలో తోచక వంటింట్లో దూరాడు. పప్పులో ఉప్పు వేశావా అన్నాడు. డబ్బాలన్నీ దించి వరస మార్చాడు. జీలకర్ర కనబడక రాజవ్వ మూడు ఆదివారాలు ఓర్చుకుంది, నాలుగో ఆదివారం కొంగు బిగించి తిన్నగా సంఘం ముందుకు పోయింది.

“ఏమయ్యా, మీకు ఇండ్లు లేవా, పెండ్లాలు లేరా?” అని మొదలుపెట్టింది. “నా మొగడిని ఇంట్ల ఏసిండ్రు, నా పెయ్యిల పానం లేదు. మీ క్లబ్బుల మన్నువడ! మీ బంతి పగల! గా ఆటను కనిపెట్టినోడు ఎవడో గని, వాని పెండ్లానికి చేతులెత్తి మొక్కాలె. నాకైతే ఆ గేటును సూస్తెనే కడుపుల తిప్పుతది!”

సంఘం అధ్యక్షులు లేచి నిలబడి, “ఇంత స్వచ్ఛమైన విరోధాన్ని మా సంఘం ఇంతవరకు దర్శించి ఉండలేదు” అన్నారు. రాజవ్వకు విరోధి కార్డు, మెత్త, పకోడి చీటీ చేతిలో పెట్టి సాగనంపారు. తిట్టడానికి పోయిన మనిషి దీవెనలు తీసుకుని వచ్చినట్టయింది.

“ఉత్తగ ఇచ్చిన పకోడి ఎందుకిడిచిపెట్టాలె?” అని ఆమె ఆ సాయంత్రమే మ్యాచికి పోయింది. పోయి ఓదెలు మెట్టు మీదే మెత్త వేసుకుని కూర్చుంది.

ఓదెలు గేటు బయట గోడకు చెవి ఆనించి నిలబడ్డాడు. రాజవ్వ బయటికి రాగానే ఎదురు పరుగెత్తాడు.

“ఏమైందే? ఎవలు గెలిసిండ్రు?”

“పకోడి మెత్తబడ్డది.”

“ఆట సంగతి చెప్పవే!”

“గోల్‌కాడ నిలబడ్డోని అంగి మంచిగుంది. ఆకుపచ్చది. నీకట్లాంటిది ఒకటి కుట్టియ్యాలె. పాపం, అందరు ఉరుకుతుంటే వాడొక్కడే ఖాళీగ నిలబడ్డడు. ఎవలన్న వానికి బంతియ్యొచ్చుగా?”

ఓదెలు ఏడవలేక నవ్వాడు. గుడ్డి కన్నా మెల్ల నయమని ప్రతి ఆదివారం అదే గోడ, అదే ఎదురుచూపు. అయితే రెండు మూడు వారాలు గడిచేసరికి వార్తల తీరు మారింది. “ఎడమ పక్క ఆడేటోనికి ఊపిరాడ్తలేదు, వాణ్ణి మార్చాలె” అంది ఒకసారి. “కార్నర్ కొట్టేటప్పుడు అందరు ఒక్కతానే గుమిగూడితే ఎట్ల?” అంది ఇంకోసారి, చేట చేతిలో ఆడిస్తూ. ఓదెలుకు అనుమానం వచ్చింది గానీ పైకి అనలేదు. అంటే కార్డు పోతుందని ఇద్దరికీ తెలుసు.

చివరికి ఆయనకూ ఉండబట్టలేక సంఘానికి అర్జీ పెట్టుకున్నాడు, తనకిప్పుడు క్లబ్బు మీద ప్రేమ చచ్చిందని, విరోధిలో వేయమని.

“నిరూపించండి,” అన్నారు అధ్యక్షులు. “జట్టు గురించి తమ అభిప్రాయం నిర్మొహమాటంగా వెల్లడించండి.”

ఇంతకంటే సులువైన పరీక్ష ఓదెలుకు ఎవరు పెట్టగలరు? గొంతు సవరించుకుని సారంగపాణితో మొదలుపెట్టాడు. వాడు కుడికాలికి బానిస, ఎడమకాలు వాడి దగ్గర కిరాయికి ఉంటోంది అన్నాడు. చిన్నప్పుడు బర్రె తొక్కిన మడమ ఇప్పటికీ వానాకాలంలో సతాయిస్తుంది, అయినా కట్టు కట్టుకోడు వెధవ అన్నాడు. పెళ్ళైన కొత్తలో రెండు వారాలు ఆటను గాలికొదిలాడు, తల్లికి బాగాలేనప్పుడు కళ్ళనీళ్ళతో ఆడి పెనాల్టీ గోడ మీదికి కొట్టాడు, అప్పుడే చెప్పాను ఇంటికి పోరా అని, విన్నాడా? చెప్తూ చెప్తూ ఓదెలు గొంతు బొంగురుపోయింది. గుమాస్తా ఆయనకు మంచినీళ్ళిచ్చాడు. సంఘంలో ఒక సభ్యుడు రుమాలుతో కళ్ళొత్తుకున్నాడు.

అధ్యక్షులు తీర్పు చెప్పారు. “గిట్టనివాణ్ణి మనిషి రెండు ముక్కల్లో తిడతాడు. ఇంత వివరంగా, ఇంత సేపు కన్నకొడుకునే తిడతాడు. అర్జీ తిరస్కరించడమైనది. ఇంకొక సంగతి: నేటినుండి సొంత జట్టును దూషించుట పరమ విశ్వాసానికి తిరుగులేని ఋజువుగా పరిగణింపబడును.”

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఓదెలుకు విరోధి కార్డు రాలేదు సరికదా, ఊరి నోరంతా మూయించి వచ్చాడు. ఆ ఆదివారం నుంచి తూర్పు మెట్లు మూగబోయాయి. సారంగపాణి బంతి పోగొట్టుకుని అలవాటుగా మెట్లవైపు చెయ్యెత్తితే, అక్కడ అందరూ పకోడీలు నములుతూ ఆకాశం చూస్తున్నారు. “బాగా ఆడారండీ” అన్నాడొకడు, భయపడుతూ. ఆ ‘అండీ’ చెవిన పడగానే సారంగపాణి మొహం పాలిపోయింది. నల్లబండలో పుట్టినవాడు కదా, ఆ మాటకు అర్థం తెలుసు. తనను ఊరు వదిలేసిందనుకున్నాడు.

విద్యాధర్ గారి తెలివి అంతటితో ఆగలేదు. అభిమానులకు పనికొచ్చిన సూత్రం ఆటగాళ్ళకు ఎందుకు పనికిరాదు? ఒక్కొక్కరినీ పిలిచి, తమరు క్లబ్బును వదిలి వెళ్ళదలచారా అని అడిగారు. వెళ్తానన్న దీపక్‌కు జీతం మూడింతలు చేశారు. “ఏడికి పోత సార్, నా ఊరిది” అన్న సారంగపాణికి మొత్తం నిలిపేశారు.

“జీతమనునది మనిషిని నిలుపుకొనుటకు ఇచ్చునది,” అని అతనికి వివరించారు. “తమరు ఇదివరకే నిలిచి ఉన్నారు.”

మిగతా ఆటగాళ్ళు అమాయకులు కారు. అందరూ వెళ్ళిపోతామన్నారు, జీతాలు పెంచుకున్నారు, వెళ్ళిపోయేవాళ్ళలాగే ఆడడం మొదలుపెట్టారు. లోకో ఓడింది. మళ్ళీ ఓడింది. ఆ తర్వాత ఓడడం వార్త కాకుండా పోయింది.

అలాంటి స్థితిలో బొగ్గుపాడుతో పోటీ వచ్చింది. పక్క ఊరు, తాతల నాటి పగ. ఈ మ్యాచి ఓడితే లోకో పెద్ద డివిజన్ నుంచి చిన్న డివిజన్‌కు దిగిపోతుంది. ఓదెలుకు ఆ వారం అన్నం సయించలేదు. శనివారం రాజవ్వ తనంతట తనే అంది:

“నా కార్డు మీద ఒకరిని తీస్కపోవచ్చు. నీ నోటికి జడిసి ఇన్నిరోజులు తీస్కపోలేదు. రేపు నాతోని రా.”

ఓదెలు చిన్నపిల్లాడిలా లేచి కూర్చున్నాడు.

“గని ఒక్క మాట. నోరు తెరిస్తివా, నా కార్డు పోతది. బతికినన్ని రోజులు ఇద్దరం పరమ విశ్వాసులం. ఇగ నువ్వు గోడకాడ, నేను ఇంట్ల. నా మీద ఒట్టేయి.”

ఆమె నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టేశాడు. ఆ ఒట్టులో ఆమె భయం కూడా ఉందని ఆయనకు అప్పుడు తట్టలేదు.

ఆదివారం గ్రౌండు కిటకిటలాడింది. దాదాపు అందరూ విరోధులే కాబట్టి అందరూ బొగ్గుపాడు పసుపు చొక్కాలే తొడుక్కుని వచ్చారు. బొగ్గుపాడు నుంచి లారీల్లో దిగిన జనం ఇది మన ఊరేమో అనుకుని కంగారుపడ్డారు. వాళ్ళలో ఒక పెద్దమనిషి షరీఫ్ భాయ్‌ని వావి వరసలు కూడా అడిగాడు. మెట్ల చివర సంఘం సభ్యులు కుర్చీలేసుకుని, ఎవరి పెదవి కదులుతుందా అని చూస్తున్నారు. ఓదెలు నోట్లో తువ్వాలు కుక్కుకుని తన పాత మెట్టు మీద కూర్చున్నాడు. పక్కన రాజవ్వ, మెత్త మీద.

ఆట మొదలైన కాసేపటికే బొగ్గుపాడు గోలు కొట్టింది. దీపక్ బంతిని చూస్తూ నిలబడ్డాడు, జీతం పెరిగిన మనిషి నడుమెందుకు వంచుతాడు? తూర్పు మెట్లు రూలు ప్రకారం చప్పట్లు కొట్టాయి. ఆ చప్పట్లకు సారంగపాణి తల దించుకున్నాడు. ఓదెలు కంట్లో నీళ్ళు తిరిగాయి. బతుకంతా ఈ మెట్టు మీద కూర్చున్నాడు గానీ, సొంత పిల్లాడి ఓటమికి చప్పట్లు కొట్టిన రోజు ఇంకోటి లేదు. తువ్వాలు గట్టిగా కొరికాడు.

హాఫ్ టైం అయింది, మళ్ళీ ఆట మొదలైంది. బొగ్గుపాడువాళ్ళు గోలును కాచుకోవడానికి వెనక్కి జరిగారు. బంతి దొర్లుకుంటూ సారంగపాణి కాళ్ళ దగ్గరికి వచ్చింది, ముందంతా ఖాళీ. పోవాలి కదా? పోలేదు. ఎవరికి కావాలి అన్నట్టు నిలబడి, బంతిని పక్కకు తోశాడు. బొగ్గుపాడు కుర్రాడు దాన్ని ఎత్తుకుపోయాడు. ఓదెలు తువ్వాలు తీయబోయి, ఒట్టు గుర్తొచ్చి, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

అప్పుడు వినిపించింది గొంతు.

“ఓరి సారంగా! నీ కాళ్ళల్ల మేకులు దిగ! ముందల గంత జాగ పెట్టుకొని ఎన్కకు సూస్తవేందిరా, నీ అత్త పిలిసిందా? నాలుగు నెలల సంది సూస్తున్న, నీ కథ! ఆ కాలుకు కట్టు కట్టుకోమంటే కట్టుకోవు, బంతి తన్నమంటే తన్నవు! నిన్ను గిన నేను కన్నుంటే ఈ పాటికి చీపురు తిరగేస్తుంటిని!”

రాజవ్వ మెత్త మీద నిలబడి ఉంది. కొంగు నడుముకు చుట్టుకుంది. చేతిలో పకోడి పొట్లం సారంగపాణి వైపు గురిపెట్టి ఉంది.

సంఘం సభ్యులు లేచి నిలబడ్డారు. సారంగపాణి మెల్లగా ఇటు తిరిగాడు. మొహం చింకి చేటంతయింది. చెయ్యెత్తి దండం పెట్టి, ఆ చెయ్యి దింపకుండా నిలబడిపోయాడు.

“అట్ల నవ్వుతవేందిరా, ఉరుకు!” అంది రాజవ్వ.

ఓదెలు నోట్లోంచి తువ్వాలు ఎప్పుడు ఊడిందో ఆయనకే తెలీదు. తర్వాత ఏం తిట్టాడో కూడా తెలీదు, నెలల తరబడి లోపల పేరుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. వెనక కొమురమ్మ అందుకుంది. అటు షరీఫ్ భాయ్ పసుపు చొక్కా విప్పి గాల్లో తిప్పుతూ ఉర్దూలో అందుకున్నాడు. తూర్పు మెట్లన్నీ లేచాయి. తిట్లు, శాపాలు, పెళ్ళినాటి సంగతులు, పుట్టుమచ్చలు. ఆ హోరుకు బొగ్గుపాడు జనం కూడా ముచ్చటపడి తమ జట్టును రెండు తిట్లు తిట్టి చూశారు గానీ, అలవాటు లేక కుదరలేదు.

సారంగపాణి రెక్కలొచ్చినట్టు ఉరికాడు. ఒకటి కొట్టాడు. ఆట అయిపోబోతుండగా రెండోది, ఎడమకాలితో, కిరాయికి ఉన్న ఆ కాలితోనే కొట్టాడు. లోకో గెలిచింది. రాజవ్వ ఓదెలును గట్టిగా వాటేసుకుని, అంతలోనే నలుగురూ చూస్తున్నారని తోసేసింది.

ఓదెలు కన్నా ఎక్కువ సంతోషించిన మనిషి ఇంకొకరున్నారు. విద్యాధర్ గారు. మెట్లమీది జనమంతా ఒక్క సాయంత్రంలో పరమ విశ్వాసులయ్యారు, అంతా ఋజువులతో సహా. ఆయన అక్కడికక్కడే హెడ్డాఫీసుకు ఫోన్ చేసి, “అయ్యా, నూటికి నూరు శాతం విశ్వాసం సాధించాము!” అన్నారు.

మరుసటి ఆదివారం గేటు దగ్గర టికెట్టు కొనడానికి ఒక్క పిట్ట కూడా రాలేదు. ఆ ధర పెట్టగలిగినవాడు నల్లబండలో పుట్టలేదు. గ్రౌండులో, వెళ్ళిపోతామని జీతాలు పెంచుకున్న ఆటగాళ్ళు వార్మప్ చేసి, ఎవరూ లేరని చూసి, నిజంగానే వెళ్ళిపోయారు. హెడ్డాఫీసుకు మాత్రం దిగులు లేదు. ఇంత విశ్వాసం సంపాదించిన అధికారిని వాళ్ళు అభినందించి, ఆఖర్న ఒక్క ప్రశ్న అడిగారు. తమరు మన సంస్థను వదిలి వెళ్ళే ఆలోచన ఏమైనా ఉన్నదా?

“అయ్యా!” అన్నారు విద్యాధర్ గారు ఛాతీ పొంగించి. “ఈ కట్టెలో ఊపిరి ఉన్నంతవరకు నేను సంస్థకే అంకితం!”

ఆ నెల ఆయనకు జీతం రాలేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు.

వ్యాగన్ షెడ్డు వెనక రైల్వేవాళ్ళ బీడు ఒకటి ఉంది. సారంగపాణి అక్కడ తుప్పు పట్టిన ఇనుప గుంజలు పాతి గోలు కట్టాడు. ఊరు విడవని కుర్రాళ్ళు, ఇతర పనులు చేసుకునేవాళ్ళు, పక్క ఊళ్ళ జట్లు, అందరూ అక్కడే ఆడుతున్నారు. మెట్లు లేవు, మెత్తలు లేవు, గేటు లేదు. రాళ్ళ మీద తువ్వాలు పరుచుకుని కూర్చోవడమే. ఓదెలుకు పక్కన రాజవ్వ. ఆమె పక్కన కూర్చుంటే ఆయనకు ఒకటే ఇబ్బంది, నోరు తెరిచే సందు దొరకదు.

ఒక ఆదివారం విద్యాధర్ గారు వచ్చారు. చొక్కా నలిగి ఉంది, మెడలో కార్డు లేదు. కాసేపు దూరంగా నిలబడ్డారు. వెనక్కి పోదామా అన్నట్టు ఒకసారి రోడ్డు వైపు చూశారు. ఓదెలు ఆయనను చూశాడు. ఆ మనిషి కోసం ఆయన కొన్ని మాటలు ఎప్పటినుంచో విడిగా దాచిపెట్టుకున్నాడు, వాడితే ఊరు తిరిగి చూసేలాంటివి. వాటిని నాలుక కొసదాకా తెచ్చుకున్నాడు. ఇంతలో విద్యాధర్ గారు రుమాలు పరుచుకుని, రాళ్ళ మీద, ఆయన పక్కనే కూలబడ్డారు.

అక్కడ సారంగపాణి ఖాళీ గోలు ముందు బంతిని ఆకాశానికి తన్నాడు. ఓదెలు అరవబోయాడు. రాజవ్వ లేవబోయింది. ఇద్దరికంటే ముందు విద్యాధర్ గారే ఎగిరి నిలబడ్డారు.

“ఓ సారంగపాణీ! తమ పాదములు ప్రస్తుతం ఏ కార్యక్రమంలో ఉన్నవి? తమరు మనుష్యులా, లేక... లేక...”

ఆపైన మాట దొరక్క పెనుగులాడుతున్నారు. మొహం ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి. బీడంతా ఆయన వైపు తిరిగి చూస్తోంది. సారంగపాణి కూడా నడుం మీద చేతులు పెట్టుకుని, ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు.

ఓదెలు ఆయన చెవి దగ్గరికి వంగి, ఆయన కోసమే దాచిపెట్టిన తిట్లలో మంచిదొకటి అందించాడు.